ముందు అయిదూ ఒక్కచోట పడనీ

నేను త్రీనాట్‌త్రీ రైఫిల్‌ని. కలకత్తా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో పుట్టాను. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మన జవాన్ల భుజాల మీద ఉన్నది మా వంశమే. తర్వాత సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లు వచ్చి మమ్మల్ని సైన్యం నుంచి తప్పించాయి. మాది నిషిద్ధ బోరు, బజారులో ఎవరికీ అమ్మే వీల్లేదు. అందుకే పోలీసులకు పంచారు. నా వంతుకు విశాఖ వచ్చింది. మొదట ఏజెన్సీలో, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయిన చింతపల్లి వైపు, తడి అడవుల్లో తిరిగాను. ఆ తర్వాత కొండ దిగి సముద్రం పక్కకు చేరాను.

నా ఒంటికి చెక్క ఎంత ముఖ్యమో చాలామందికి తెలియదు. పాతిక అంగుళాల గొట్టాన్ని చివరిదాకా కప్పి ఉంచేది అదే. తూటా పేలినప్పుడు గొట్టం వణుకుతుంది. ఆ వణుకు ప్రతిసారీ ఒక్కలా ఉంటేనే తూటాలు ఒక్కచోట పడతాయి. విశాఖ తేమకు చెక్క ఉబ్బి గొట్టాన్ని పక్కనుంచి నొక్కిందా, ఇక తూటా ఎక్కడ పడుతుందో నాకే తెలియదు.

ఒక వానాకాలం ఫైరింగ్ రేంజ్‌లో నన్ను పట్టుకున్నది ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగిన కొత్త కానిస్టేబుల్. వాళ్ల నాన్నది ఉక్కు కర్మాగారంలోని గోదావరి బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఉద్యోగం.

"కుడికి లాగుతోంది సార్, సైట్ జరపండి" అంది.

తుపాకులు బాగుచేసే ఆర్మరర్ టార్గెట్ కాగితం చూశారు. అయిదు చిల్లులు జానెడు మేర చెల్లాచెదురుగా ఉన్నాయి.

"వీటిలో దేన్ని చూసి జరపనమ్మా? ముందు అయిదూ ఒక్కచోట పడనీ."

నా చెక్క విప్పారు. గొట్టం రాసుకున్న చోట నున్నటి మెరుపు కనిపించింది. అక్కడ సన్నగా గీకి, అవిసె నూనె పట్టించి, మళ్లీ బిగించారు. నా జీవితంలో నాకు జరిగిన అసలైన వైద్యం అదే. ఈసారి అయిదూ అరచేతిలో ఇమిడేంత దగ్గరగా పడ్డాయి, గురికి కుడిపక్కన, కాస్త కిందుగా.

ఇప్పుడు సైట్ సంగతి. తూటా కుడికి పడితే గొట్టం మూతి దగ్గరి ఫోర్‌సైట్‌ను కుడికే జరపాలి. ఫోర్‌సైట్ కుడికి వెళితే, దాన్ని మళ్లీ గురి మీదికి తేవడానికి కాల్చేవాళ్లు గొట్టాన్ని ఎడమకు తిప్పుతారు. తూటా కిందికి పడితే ఫోర్‌సైట్‌కు కురచ బ్లేడు వెయ్యాలి. అప్పుడు గొట్టం మూతి పైకి లేస్తుంది. బ్లేడుల ఎత్తుల్లో తేడా అంగుళంలో వెయ్యింట 15 వంతులే, అయినా 100 గజాల దగ్గర అది దాదాపు రెండు ముప్పావు అంగుళాలు అవుతుంది. నా బ్యాక్‌సైట్ మీద మొదటి గీత 200 గజాలది. కనుక 100 గజాల దగ్గర తూటా గురికి కాస్త పైనే పడాలి. ఆ అమ్మాయి ఇదంతా నోట్‌బుక్‌లో బొమ్మ గీసి మరీ రాసుకుంది. నాకు చాలా నచ్చింది.

2020 గణతంత్ర దినోత్సవం నాడు ఉత్తరప్రదేశ్ పోలీసులు మా వాళ్లకు వీడ్కోలు చెప్పారు. నా వంతూ వస్తుంది. అంతవరకూ ఒక్కటే అడుగుతాను: శుభ్రం చేసేటప్పుడు పక్క రైఫిల్ చెక్కను నాకు తొడగకండి, దాని బ్లేడు నాకు వెయ్యకండి. నాకు కుదిర్చిన గురి నా ఒంటికే సరిపోతుంది.