బకెట్టు అయితే నేరం, లారీ అయితే వ్యాపారం

రాజమహేంద్రవరంలో ఇసుకంటే గౌరవం ఉన్న మనిషి ఒక్కడే మిగిలాడు: హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్న ఆసామి. ఊరంతా ఇసుకను లారీల్లో లెక్కేస్తుంటే ఈయన గింజల్లో లెక్కేస్తాడు.

అంతర్వేది వెళ్ళి బకెట్టుడు ఇసుక తెస్తాడు. తెచ్చాక దానికి పెట్టే పరీక్షలు గ్రూప్-1 అభ్యర్థికి కూడా ఉండవు. ముందు అయస్కాంతం తిప్పుతాడు. మన తీరపు ఇసుకలో మాగ్నటైట్, ఇల్మనైట్ లాంటి నల్ల గింజలు బోలెడు. తొట్టిలోకి ఇనుము దిగితే ఎలాగని ఆయన బెంగ. తర్వాత వెనిగర్ చుక్క. నురగొస్తే గవ్వల పొడి, అంటే సున్నం ఉన్నట్టు. నీటి పీహెచ్ 8.2 దగ్గర నిలవడానికి కాస్త సాయం. రాకపోతే గోదారి మోసుకొచ్చిన పలుగురాతి పొడి. ఇక్కడ ఎక్కువపాళ్ళు అదే. అయినా పది నీళ్ళు మార్చి కడుగుతాడు, ఎండబెడతాడు, ఆపైన భయపడతాడు.

భయానికి కారణముంది. తీరప్రాంతంలో ఇసుక తవ్వకూడదని 2011 నాటి సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ జోన్) నోటిఫికేషన్ చెప్పింది. వేరేచోట దొరకని అరుదైన ఖనిజాలకు మాత్రం మినహాయింపు! పాపం, బుద్ధి తక్కువై ఉత్త ఇసుక కోసం వెళ్ళాడు. అరుదైన ఖనిజమని పేరు పెట్టి టన్నుల్లో అడిగుంటే కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు.

ఇక ఊళ్ళోకి రండి. ఇక్కడ ఇసుక ఉచితమండీ! 2016లో ఉచితం, 2019లో కాదు, 2021లో ఒక ప్రైవేటు కంపెనీ పాలు, 2024లో మళ్ళీ ఉచితం. తవ్వకం కూలి, ఎగుమతి ఖర్చు, లారీ కిరాయి అన్నీ చెల్లించాక ఉచితం ఎంత పడిందో ఇల్లు కట్టుకునేవాణ్ణి అడగండి. ధవళేశ్వరం ఎగువన పడవ మీంచి బకెట్టుతో మునిగి ఇసుక తీసేవాళ్ళ జోలికి నేను పోను. ఊపిరి బిగబట్టి సంపాదించే కూలి అది. నా గొడవంతా ఊపిరి అక్కర్లేని యంత్రాలతో. రాష్ట్రంలో ఇసుక భాగోతం చూడలేక జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్‌లో 100 కోట్ల జరిమానా వేసింది. జరిమానాకి నదిలో ఇసుక మొలుస్తుందా?

అసలు సముద్రపొడ్డుకి ఇసుక పంపేది ఈ గోదారే. 1970లలో ఏటా 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసిన నది 1990లకి 6 కోట్ల టన్నుల లోపుకి దిగిపోయింది. ఎగువ ఆనకట్టలు ఆపేస్తున్నాయని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లోనే రాశారు. 1976 నుంచి 2001 దాకా డెల్టా అంచు 18 చదరపు కిలోమీటర్లకు పైగా కోసుకుపోయిందనీ లెక్క తేల్చారు. ఆనకట్ట ఆపగా మిగిలింది ఇసుక ర్యాంపులో ఎత్తేసి, ఉప్పాడలో ఇళ్ళు కెరటాల పాలైతే రాళ్ళగోడ కట్టి చేతులు దులుపుకుంటాం. సముద్రుడిదే తప్పంటాం కూడా.

కాబట్టి తనిఖీ బాబులకు ఒక మనవి. అంతర్వేది రోడ్డు మీద బకెట్టుతో బస్సు దిగినవాడు కనిపిస్తే వదలొద్దు. ఎంత ఇసుక, ఎక్కడిది, వే బిల్లేదని నిలదీయండి. గవ్వలు, నత్తలు ఎన్నో పంచనామా రాయండి. రాస్తుండగా వెనకాల నుంచి లారీ హారన్ కొడితే మాత్రం కొంచెం పక్కకి జరగండి. వాళ్ళకి ట్రిప్పు ఆలస్యమవుతుందండి, ఆయ్!