ఉద్దానం చీజు

చీజు ప్రియులు దాని గురించి చెప్పే గొప్పలు మూడు నాలుగే. కొద్దికొద్దిగా చేత్తో చేయాలి, ఫలానా నేల గడ్డి రుచి అందులో తెలియాలి, అదను దాటితే దొరక్కూడదు, చేసినవాళ్లెవరో తినేవాళ్లకు తెలియాలి. ఈ పరీక్ష పెడితే పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల్లో మొదటి ర్యాంకు జున్నుదే. చేసిన మనిషి పేరొక్కటే కాదు, పాలిచ్చిన గేదె తల్లి ఎవరో, అది ఎవరి చేలో పడి మేసి తగువు తెచ్చిందో కూడా చెప్పగలరు. ఏ ఫ్రెంచి లేబులు మీదా ఇంత సమాచారం ఉండదు. ఇక దొరకడమంటారా, కాశీబుగ్గ బజారులో జేబు నిండా డబ్బుతో తిరిగినా, గేదె ఈనకపోతే జున్నుపాలు లేవు. ఈనినా మూడు నాలుగు రోజులే గడువు. ఆ పాలు అమ్ముకునేవాళ్లకన్నా పంచిపెట్టేవాళ్లే ఎక్కువ కాబట్టి వాటిని మొహమాటంతోనే సంపాదించాలి. గేదె చూడిదని తెలిసిన నాటి నుంచే ఇరుగుపొరుగు దాని ఆరోగ్యం వాకబు చేస్తారు. ఇంటాయన జ్వరం సంగతి ఆ తర్వాత.

జున్ను చీజెలా అవుతుందని పండితులు అడ్డుతగులుతారు. పాలు తోడువేసి, దూడ పొట్టలోంచి తీసిన రెనెట్‌తో విరగ్గొట్టి, నీరు వార్చి, నెలల తరబడి మాగబెట్టాలట. ఆవిరి మీద ఉడికిందల్లా చీజయితే ఇడ్లీ కూడా చీజేనట. బాగానే ఉంది, మరి ఇటలీవాళ్ల రికోటా మాటేమిటి? చీజు తీయగా మిగిలిన తేటను మళ్లీ కాస్తే అందులోని మాంసకృత్తులు వేడికే గడ్డకడతాయి, అదే రికోటా. జున్ను సూత్రమూ ఇదే. మామూలు ఆవుపాలలో మాంసకృత్తులు నూటికి 3 పాళ్ల పైచిలుకు. ఈనిన తొలిపూట పాలలో 14 దాకా ఉంటాయి. అందుకే రెనెట్టూ నిమ్మరసమూ అక్కర్లేకుండా ఇడ్లీపాత్రలోనే గట్టిపడుతుంది. ఫిన్లాండు వాళ్లు ఇలాంటి తొలిపాలనే పొయ్యిలో కాల్చి, ఊనియూస్తో అని పేరుపెట్టి, చీజుల పంక్తిలోనే కూర్చోబెట్టారు. కరగదు, సాగదు, పిజ్జాకు పనికిరాదు అంటారా? పనీరు మాత్రం కరుగుతుందా?

దూడ నోటి దగ్గరది లాక్కోవడం పాపం కదా అన్నది గట్టి ప్రశ్నే. పుట్టిన తొలిగంటల్లో దూడ కడుపునిండా తాగాకే చెంబు ముట్టాలి. అయితే దూడ పొట్టనే వాడుకునే చీజు పక్షంవారు ఈ ప్రశ్న వేసేముందు కాస్త జంకాలి. వండడానికి పెద్ద విద్యేం లేదు. తొలిపూట పాలకు రెండింతలు మామూలు పాలు కలపాలి, లేకపోతే తినేది జున్నో రబ్బరో తేలదు. బెల్లం, దంచిన మిరియాలు, యాలకులు చాలు. పైన చల్లడానికి పలాస జీడిపప్పు ఉండనే ఉంది. పౌనుకు 320 దాకా తూగే గుండ్లను దూరదేశాలకు పోనివ్వండి, నేతిలో వేయించిన బద్దలే జున్నుకు జత. కిడ్నీ జబ్బు ఉద్దానంలో ఎన్నో ఇళ్ల బాధ కనుక, మాంసకృత్తులు తగ్గించమని డాక్టరు చెప్పినవారు మాత్రం ఈ వ్యాసం చదివి ఊరుకోవాలి.

ఇచ్ఛాపురం దాటగానే ఒడిశా. అక్కడివాళ్లు పాలు విరగ్గొట్టి చేసే రసగుల్లాకు 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. జున్నుకూ తెద్దామని ఎవరైనా బయల్దేరితే దయచేసి ఆపండి. గుర్తింపు వెనకే డబ్బా, డబ్బా వెనకే ధర, ధర వెనకే పాలపొడి వస్తాయి. అసలు జున్ను తినాలనుంటే, పాడి ఉన్న ఇంటివాళ్లతో గట్టు తగాదా ఏదైనా ఉంటే ముందు రాజీ చేసుకోండి.