స్ప్రింగు మామ

అంచెట్టి బస్టాండులో టీ తాగాలంటే స్ప్రింగు మామ కంట పడకుండా తాగాలి. పడితే టీ చల్లారిపోతుంది, డెంకణికోట బస్సు వెళ్ళిపోతుంది, మామ గుండె మాత్రం ఇంకా ఆపరేషన్ బల్ల మీదే ఉంటుంది.

ఫలానా వాడని వెతక్కండి. మా హోసూరు సీమలో ఊరికొకడున్నాడు ఈయన. గుండె పట్టేసి, బెంగళూరు పోయి, స్టెంటు పెట్టించుకుని, ఇంటికి తిరిగొచ్చిన పెద్దమనిషి. స్టెంటు అనే మాట మామ నోట్లో 'స్టంటు' అయింది. సినిమా ఫైటులాగా ఉందని ఎవరో నవ్వినందుకు దాన్ని మానేసి 'స్ప్రింగు' అంటున్నాడు. బాల్‌పెన్నులో ఉండే స్ప్రింగంత ఉంటుంది కాబట్టి మరీ తప్పేమీ కాదు.

పలకరిస్తే చాలు, చొక్కా జేబులోంచి ఒక కార్డు బయటికొస్తుంది. ఏ కంపెనీ స్టెంటు, ఎంత పొడవు, ఏ నాళంలో పెట్టారు అన్నీ రాసి ఆసుపత్రి వాళ్ళిచ్చిన కార్డు. మామ దానికి లామినేషన్ చేయించాడు. రేషన్ కార్డుకు చేయించలేదు. కార్డుతోబాటు గుండె సినిమా ఉన్న సీడీ కూడా ఇచ్చారు గానీ, దాన్ని ఆడించే మిషను ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. ఆరు నెలలు బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉన్న ఆ సీడీని అత్త ఒకరోజు తీసి, పిట్టలు బెదరడానికి టమోటా తోటలో వేలాడగట్టింది. ఎండకు తళతళ మెరుస్తూ మామ గుండె ఇప్పుడు టమోటాలకు కాపలా కాస్తోంది.

ధర సంగతి సరేసరి. మందు పూసిన స్టెంటు ఏ రకమైనా సుమారు ముప్పై వేలు దాటకూడదని 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం కట్టడి పెట్టింది. మామ నోటికి మాత్రం ఆ కట్టడి తగల్లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో స్ప్రింగు ఒక్కటే లక్ష అన్నాడు. ఉగాదికి రెండు లక్షలైంది. పోయిన వారం సంతలో నాలుగు లక్షలని విన్నాను. "అబ్దుల్ కలాం చేసింది అల్లుడూ, రాకెట్టుకు వాడే ఇనుము!" అని కూడా చేర్చాడు. కలాం గారు హైదరాబాదు గుండె డాక్టరు సోమరాజు గారితో కలిసి తక్కువ ధర స్టెంటు తయారు చేయించిన మాట నిజమే, అది 1990ల నాటి సంగతి. మామది ఆ రకం కాదు. కార్డు నేనూ చదివాను. కానీ తమిళనాడులో కలాం పేరు చెప్పినవాణ్ణి ఎవరు కాదంటారు?

ఇంత విలువైన వస్తువును మామ ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో చెప్పాలి. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నడవడు. ఉరిమితే ఇంట్లోకి పోయి గొంగడి కప్పుకుంటాడు. అడవిలో మలుపుల దారి కదా, బస్సులో వెనక సీటు ఎక్కడు, కుదుపుకు స్ప్రింగు జారిపోతుందట! (ఒకసారి నాళం గోడకు విచ్చుకుని పట్టిందంటే ఏ గుంతల రోడ్డూ దాన్ని జార్చలేదు.) ఈ జాగ్రత్తలన్నీ చెప్తూ చెప్తూ చెవి మీది బీడీ తీసి అంటించాడు. నేను చూసిన చూపు ఆయనకు అర్థమైంది.

"పొగ పొయ్యేది ఊపిరితిత్తులకు. స్ప్రింగు ఉండేది గుండెలో. రెండిటికీ ఏమి సంబంధం?"

పితికిపప్పు వేసి వండిన మటనుకు కూడా ఇట్లాంటి న్యాయమే ఉంది. అది కడుపుకు పోతుంది.

ఇంక మాత్రల దగ్గరికి వద్దాం. అసలు కథ అక్కడే.

మామకు వైద్యం ఐదు భాషల్లో జరిగింది. డాక్టరు కన్నడంలో మాట్లాడాడు. నర్సమ్మది మలయాళం. చీటీ ఇంగ్లీషు. మందుల అంగడిలో తమిళం. ఇంటికొచ్చి మామ అదంతా అత్తకు తెలుగులో చెప్పాడు. ఇన్ని భాషలు ఎందుకొచ్చిన గొడవని కాబోలు, చీటీలో మాత్రల పక్కన అంకెలు వేశారు: ఒకదానికి 1-0-1, ఇంకోదానికి 0-0-1. పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని వాళ్ళ లెక్క. అంకెలకు భాషతో పనిలేదని వాళ్ళ ధీమా.

మామ కూడా అంకెలే చదివాడు. 1-0-1 అంటే ఒకరోజు వేసుకో, ఒకరోజు మానుకో, మళ్ళీ ఒకరోజు వేసుకో. 0-0-1 అంటే రెండు రోజులు విశ్రాంతి, మూడోరోజు ఒకటి. తు.చ. తప్పకుండా పాటించాడు. మూణ్ణెల్లకు తెచ్చిన మాత్రలు ఆర్నెల్లు దాటినా ఇంకా మిగిలి ఉంటే, ఎంత పొదుపో చూడమని నాకే చూపించాడు. నేను తలపట్టుకుంటే ఆయన నొచ్చుకున్నాడు. "డాక్టరు రాసినట్లే కదప్పా మింగింది!"

దీనికి తోడు ఇంటికొచ్చే మాత్రలు ఉన్నాయి. బీపీ, షుగరు ఉన్నవాళ్ళకు ఇంటి ముంగిటికే మాత్రలు తెచ్చిచ్చే తమిళనాడు సర్కారు పథకం మన కృష్ణగిరి జిల్లాలోనే, సామనపల్లిలో, 2021 ఆగస్టు 5న మొదలైంది. ఆ పథకం అక్కయ్య నెలనెలా వచ్చి మామ బీపీ చూసి, ఇంత మజ్జిగ తాగి, మాత్రలిచ్చి పోతుంది. మంచి పథకం. మామకు ఎంత నచ్చిందంటే, మాత్రలన్నీ ఒకటే జాతి అని తేల్చేశాడు. తెల్లగా, గుండ్రంగా ఉంటే చాలు. గుమ్మంలోకి ఊరికే వచ్చేవి ఉండగా డబ్బులు పెట్టి కొనేవి ఎందుకని, నెత్తురు పలచన చేసే మాత్రలు రెండింటిలో ఒకటి మానేసి, బీపీ మాత్ర దాని డ్యూటీ కూడా చేస్తుందని వదిలేశాడు.

"అయినా నాకిప్పుడు రోగమేది అల్లుడూ? రోగముండే చోట స్ప్రింగు పెట్టేసినారు. గోడ కట్టినాక గూడా సారువ పెట్టుకోనుంటారా?"

నాకు తెలిసిన చరిత్ర అంతా చెప్పాను. 1986లో ఫ్రాన్సులోని తులూజ్‌లో మొదటిసారి మనిషి గుండె నాళంలో స్టెంటు పెట్టారు. మొదటి ఏళ్ళలో దాన్ని పీడించిన పెద్ద బెడద, పెట్టిన స్టెంటులోనే నెత్తురు గడ్డకట్టడం. లోహం కొత్త చుట్టం, నెత్తురుకు నచ్చదు. దాని మీద నాళం తన పొర తాను పరుచుకునేదాకా నెత్తురు కణాలు అక్కడే గుమిగూడతాయి. ఆస్పిరిన్‌కు తోడు ఇంకో మాత్ర కలిపి ఇవ్వడం 1990ల నడుమ కుదిరాకే స్టెంటు నిలబడింది. గుండెపోటు వచ్చినవాళ్ళకు సాధారణంగా ఆ జోడు ఒక ఏడాది, ఆ తర్వాత ఒకటి బతికినన్నాళ్ళు. గట్టిగా చెప్పాలంటే స్టెంటును కాచేది ఆ మాత్రే. మామ అంతా విని, "తులూజా? అది బెంగళూరుకు ఏ పక్క?" అన్నాడు.

నడుమ పన్ను నొప్పి వచ్చింది. స్టెంటు అనే పేరు 19వ శతాబ్దపు లండన్ పళ్ళ డాక్టరు చార్లెస్ స్టెంట్ నుంచి వచ్చిందంటారు. పళ్ళ అచ్చులు తీసే ముద్దను తయారుచేసినాయన. కాబట్టి పళ్ళ డాక్టరు దగ్గరికి పోవడమంటే మామకు పుట్టింటికి పోయినట్టే. కానీ ఏం చేశాడు? గుండె జబ్బులేమైనా ఉన్నాయా, నెత్తురు పలచన చేసే మాత్రలు వాడుతున్నారా అని ఆ డాక్టరు అడిగితే లేవన్నాడు. చెప్తే పన్ను పీకడేమోనని భయం. అంచెట్టి సంతకంతా చెప్పిన మనిషి, చెప్పాల్సిన ఒక్కచోట చెప్పలేదు. నోరు తెరిచింది పన్ను చూపడానికే. ఆ రోజు మామ లెక్కలో '1' అయినందున మాత్ర పడింది, పొద్దుగూకేదాకా దూది తడుస్తూనే ఉంది. తెల్లారి మామ తీర్పు: మాత్రలు నెత్తురును నీళ్ళు చేసేస్తున్నాయి, అన్నీ బందు.

అత్త ఫోను చేస్తే పోయాను. రాత్రి గుండె పట్టిందంటే డెంకణికోట దాకా అడవి దారి, ఏనుగులు అడ్డం నిలిస్తే వాటికి హారన్లు, సైరన్లు పట్టవు. ఆమెకు నిద్ర లేదు. మామ తోటలో ఉన్నాడు. డ్రిప్పు పైపుల్లోకి యాసిడ్ కలిపిన నీళ్ళు పారిస్తున్నాడు. మా నీళ్ళలో ఉప్పు ఎక్కువ, రంధ్రాలు పూడిపోతాయి. ఈ పనికి మాత్రం మామ ఒక్కసారి కూడా తప్పడు.

నాకు ఒక్కసారిగా దారి దొరికింది. అక్కడే గట్టు మీద కూర్చున్నాను.

"మామా, పైపు కొత్తదే కదా, యాసిడ్ ఎందుకు?"

"కొత్తదైతే? ఉప్పు పట్టదా?"

"నీ స్ప్రింగు గూడా అంతే. పైపు వేసినారు. పూడిపోకుండా చూసేది మాత్ర."

మామ చాలాసేపు మాట్లాడలేదు. పైపు వంక చూశాడు, ఎదురుగా మెరుస్తున్న సీడీ వంక చూశాడు. "ఈ మాట ముందే చెప్పిండాల కదా అల్లుడూ, ఆ డాక్టరు!" అన్నాడు. గెలిచాననుకుని లేచాను. పది అడుగులు వేశానో లేదో వెనక నుంచి కేక.

"డ్రిప్పుకు నెలకొక్కసారే కదప్పా యాసిడ్? అట్లయితే మాత్ర గూడా నెలకొకటి చాలునా?"

బెంగళూరుకు ఫోను చేసి, మానేసినవి మళ్ళీ ఎట్లా మొదలుపెట్టాలో కనుక్కున్నాం. ఆ తర్వాతిది అత్త చేతుల్లోకి పోయింది. వంటింట్లో తాలింపు పెట్టెలో ఏడు గిన్నెలు. ఆవాలు, జీలకర్ర, మెంతులు డబ్బాల్లోకి మారాయి. ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు గిన్నెల్లో మామ మాత్రలు చేరాయి. ఏ రోజు గిన్నె ఖాళీ కాకపోతే ఆ రోజు సంగటి లేదు.

నేనిది రాస్తున్నది ఆదివారం. శుక్రవారం గిన్నెలో ఇంకా ఒక మాత్ర ఉంది.