ప్రాగ్దర్శనం: సూళగిరీయ టీకా తాత్పర్య సహితం

మూలం

ప్రాగు చూస్తిమి. బాగుండాది. గడియారం చూస్తిమి. మెట్లు జాస్తి. నీళ్లకీ దుడ్డే. మీ అమ్మకి కాళ్ల నొప్పి. రేపు బయలుదేరేది.

అవతారిక

యాత్ర చేసొచ్చి రాయడం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, పదిహేను నెలలు దాటాక ఇల్లు చేరి, దారిలోని మజిలీలన్నీ గ్రంథానికెక్కించాడు. పోతం జానకమ్మ సముద్రం దాటి ఇంగ్లండు చూసొచ్చి తెలుగులో రాసుకుని, 1876లో దాన్ని ఇంగ్లీషులోనూ అచ్చువేయించింది. మన మూలకర్త వీళ్లిద్దరికంటే పొదుపరి. రెండు రోజుల యాత్రను ఏడు వాక్యాల్లో ముగించి, ఇంటి వాట్సాప్ గ్రూపులో పడేసి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఈయన సూళగిరి వాస్తవ్యుడు. హోసూరుకీ కృష్ణగిరికీ నడుమ, బెంగళూరు-చెన్నై రహదారి పక్కన కొండ కింద ఉన్న ఊరది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో అరవం, బెంగళూరు బస్సెక్కితే కన్నడం. ఉద్యోగం హోసూరు టైటన్ గడియారాల ఫ్యాక్టరీలో చేసి విరమించాడు. కొడుకు మ్యూనిక్‌లో ఉంటాడు. చూడబోయిన తల్లిదండ్రులను ఆ కొడుకు దాదాపు ఆరు గంటల రైలెక్కించి, జూన్ మొదటి వారంలో ప్రాగుకు పంపాడు. వ్యాఖ్యాత మూలకర్తకు వేలువిడిచిన బావమరిది. కాబట్టి గ్రూపులో ఉన్నాడు, కాబట్టి అక్క, అంటే మూలకర్త్రి, పక్షం వహిస్తాడన్న అపవాదూ ఉంది. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని కొలిచెలమ మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. కాళిదాసుకు వ్యాఖ్య రాసేవాడికి ఆ నియమం చెల్లుతుంది. ఏడు వాక్యాలవాడికి వ్యాఖ్య రాసేవాడు మూలంలో లేనిదే రాయాలి.

టీక

ప్రాగు = వల్టావా నది ఒడ్డున ఉన్న చెక్ దేశపు రాజధాని, 1992లో పాతబస్తీ అంతా యునెస్కో జాబితాకెక్కిన నగరం. చూస్తిమి = చూశాము. ఇక్కడొక చిక్కు. సంస్కృతంలో అయితే ఇద్దరు చూసినందుకు ద్వివచనం పడేది. తెలుగులో అది లేదు గనుక బహువచనం పడింది, ఇద్దరూ కలిసి ఒకటే చూశారన్న భ్రాంతి కలిగింది. అది భ్రాంతేనని ముందుముందు తేలుతుంది.

బాగుండాది = బాగుంది. మూలకర్త పెళ్లిళ్లలో భోజనం చేసి కూడా ఈ మాట అనడు, "పరవాలేదు" అంటాడు. కొడుకు ఇల్లు కట్టినప్పుడు "గాలి వస్తాది" అన్నాడు. అటువంటివాడి నోట బాగుండాది అని వచ్చిందంటే నగరం ధన్యమైందని గ్రహించాలి.

గడియారం = పాతబస్తీ చౌకులో, టౌన్‌హాలు గోడకున్న ఖగోళ గడియారం. 1410 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. ఇక్కడ వ్యాఖ్య కొంచెం సాగుతుంది, పాఠకులు ఓర్చుకోవాలి, ఎందుకంటే మూలకర్త కూడా ఇక్కడే సాగాడు. అందరూ గంట కొట్టేటప్పుడు చూసి వెళ్లిపోతారు. ఈయన పనిచేసిన చోట గడియారాలు మణికట్టు మీద ఇమిడేవి. ఇక్కడ లోపలి పెద్ద చక్రాల అడ్డుకొలతే ఒక్కోటి 116 సెంటీమీటర్లు. అవి మూడు, ఒకే ఇరుసు మీద ఉన్నాయి. ఒకదానికి 365 పళ్లు, అది రాశిచక్రాన్ని తిప్పుతుంది. రెండోదానికి 366, అది సూర్యుణ్ణి. మూడోదానికి 379, అది చంద్రుణ్ణి. పళ్లు తక్కువైన చక్రం వేగంగా తిరుగుతుంది కాబట్టి, సూర్యుడి ముల్లు 365 చుట్లు తిరిగేసరికి రాశిచక్రం 366 తిరిగి ఉంటుంది. ఆ ఒక్క చుట్టే ఏడాది. అంటే సూర్యుడు పన్నెండు రాశులూ దాటి వచ్చాడన్నమాట. చంద్రుడి చక్రానికి పళ్లు ఎక్కువ, అందుకే రోజూ వెనకబడతాడు. మన ఇంటి మీద రోజురోజుకూ ఆలస్యంగా ఉదయించేది కూడా ఆయనే. ఇదంతా మూలకర్త ఫోనులో చదివి, తల పైకెత్తి, మళ్లీ ఫోను చూసి, మళ్లీ తలెత్తి రుజువు చూసుకున్నాడు. మెడ పట్టేసింది. ఆ సంగతి మూలంలో లేదు.

అప్పుడు పడింది పేచీ. సూర్యుడి ముల్లు మిథునంలో ఉంది. మూలకర్త జేబు పంచాంగం ప్రకారం సూర్యుడు ఇంకా వృషభంలోనే ఉన్నాడు. "ఇది తప్పు చూపిస్తా ఉండాది" అన్నాడట. "ఆర్నూరేండ్లుగా నడిచేదాన్ని పట్టుకుని మీరు తప్పంటారా, ఇంగ రాండి" అని మూలకర్త్రి. సిద్ధాంతం ఏమిటంటే ఇద్దరూ ఒప్పే. పాశ్చాత్యులది సాయనం, వసంత విషువత్తు నుంచి లెక్క. మనది నిరయనం, నక్షత్రాల నుంచి లెక్క. రెంటికీ మధ్య దాదాపు 24 డిగ్రీల అయనాంశ ఉంది. సూర్యుడు రోజుకు ఒక డిగ్రీ చొప్పున నడుస్తాడు గనుక వాళ్ల మిథునం మనకంటే మూడు వారాల పైచిలుకు ముందే వస్తుంది. ఈ సంగతి తెలియక మూలకర్త ఆ రాత్రి హోటల్లో గడియారం కమిటీకి ఉత్తరం రాద్దామనుకుని, చెక్ భాష రాక మానుకున్నాడు.

ఇక గంట మోగింది. ఎముకల గూడు తాడు లాగి గంట కొట్టింది. పక్కనున్న బొమ్మలు, అద్దం చూసుకునేవాడు, దుడ్డు సంచి పట్టుకున్న పిసినారి, తురకవాడు, ముగ్గురూ రామని తలలు అడ్డంగా ఊపారు. పైన కిటికీల్లో పన్నెండుమంది అపోస్తలులు వరుసగా కనిపించి వెళ్లారు. చివరికి కోడి కూసింది. మూలకర్త పళ్లచక్రాల ధ్యాసలో కోడి కూత వినలేదు. మూలకర్త్రి మాత్రం పిసినారి బొమ్మను చూసి భర్త వైపు చూసింది.

మెట్లు = కోట కొండ మీదివి, ఆపైన సెయింట్ వైటస్ చర్చి దక్షిణ గోపురంలోవి. 1344లో మొదలుపెట్టి 1929లో ముగించిన చర్చి అది. మన బ్రిడ్జి పనులు ఆలస్యమని తిట్టుకునేవాళ్లు ఈ తేదీలు గుర్తుపెట్టుకోవాలి. జాస్తి = ఎక్కువ. ఇక్కడ వ్యాఖ్యాత ఒక గూఢార్థం బయటపెట్టక తప్పదు. ఎక్కినవాళ్లు లెక్క చెబుతారు, ఎక్కనివాళ్లు జాస్తి అంటారు. మూలకర్త్రి మా ఇంటావిడకు పంపిన వాయిస్ మెసేజీలో "రెన్నూట ఎనబై ఏడు వదినా" అని స్పష్టంగా ఉంది. పైనుంచి ఎర్రపెంకుల కప్పులూ నదీ కనిపించే ఫొటోలన్నీ ఆమె ఫోనువే. మూలకర్త కింద బెంచీ మీద ఉన్నాడని తేలుతుంది.

నీళ్లకీ దుడ్డే. ఇందులోని దీర్ఘాన్ని గమనించాలి. "నీళ్లకే" అనలేదు, "నీళ్లకీ" అన్నాడు. అంటే మరొకదానికీ దుడ్డు పెట్టాడని ధ్వని. ఆ నగరంలో కొన్నిచోట్ల నీళ్లసీసా కంటే బీరు చవక అని లోకప్రసిద్ధి. బెంచీ, 287 మెట్లు, ఎక్కి దిగడానికి పట్టే సేపు, ఈ మూడూ కలిపి పాఠకులే ఊహించుకోవాలి. వ్యాఖ్యాత అంతకంటే చెప్పడు.

మీ అమ్మకి కాళ్ల నొప్పి. దీనికి టీక పైనే అయిపోయింది. రాళ్లు పరిచిన దావల మీద హవాయి చెప్పులతో నడవడం కూడా కారణమే.

అనుక్తం

మూలంలో లేనిది వంతెన. నాలుగో చార్లెస్ చక్రవర్తి దానికి శంకుస్థాపన చేయించిన ముహూర్తం 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, 5 గంటల 31 నిమిషాలు అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. వరసగా రాస్తే 135797531, ఎటునుంచి చదివినా ఒకటే. ముహూర్తాల పిచ్చి మనకొక్కరికే అనుకునేవాళ్లకు ఇది ఊరట. సున్నంలో కోడిగుడ్లు కలిపారని కూడా కథ. కరక్కాయా బెల్లం కలిపిన మన పాతకాలం సున్నం ఎరిగినవాళ్లు దాన్ని కొట్టిపారేయరు. వంతెన పొడవు 516 మీటర్లు, విగ్రహాలు 30. వాటిలో యోహాన్ నెపోముక్‌ది 1683లో నిలిపినది. రాణి చెప్పుకున్న రహస్యం రాజుకు చెప్పనన్నాడని 1393లో ఆయన్ని నదిలో తోయించారని ఐతిహ్యం. కింది కంచు పలకను తాకితే మళ్లీ ప్రాగుకు వస్తారట. వేలమంది చేతులు పడి అక్కడ కంచు బంగారంలా తళతళలాడుతుంది. మూలకర్త్రి కుడిచేత్తో ఒకసారి, తృప్తి తీరక ఎడమచేత్తో ఒకసారి తాకింది. మూలకర్త వాలెట్ ఉన్న జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. బెంచీ సంగతి దాచిపెట్టమని ఆ సాధువును లోలోపల వేడుకున్నాడేమో, ఆధారం లేదు.

పాఠాంతరం

ఏడు వాక్యాల మూలానికి పోటీగా ఆమె వాయిస్ మెసేజీ ఉంది, దాని నిడివి దాని ఘనత. అందులో గడియారం అరవాక్యం. కొత్తిమీర మూడు నిమిషాలు. కొత్తిమీర సంతకు పేరుపడ్డ ఊరి మనిషి, అంగట్లో చిన్న కుండీలో నాలుగు కాడలు నాటి దుడ్డు అడిగితే ఊరుకుంటుందా? ఆ కుండీని ఎత్తి, వాసన చూసి, అలాగే కింద పెట్టి వచ్చిందట.

పూర్వపక్షం

"రెండు రోజుల్లో ఏం తెలుస్తుంది? డబ్బు దండగ" అని గ్రూపులో చిన్నమామ ఆక్షేపించాడు. కొంత నిజం. 1348లో పెట్టిన చార్లెస్ విశ్వవిద్యాలయం ఆ ఊళ్లోనే ఉందనీ, ద్రావిడ భాషల పండితుడు కమిల్ జ్వెలెబిల్ ఆ నగరంలోనే తమిళం బోధించాడనీ మన దంపతులకు ఎవరూ చెప్పలేదు. తెలిస్తే ఆ గుమ్మం కూడా చూసొచ్చేవాళ్లు. కానీ చిన్నమామ పుట్టింది మొదలు సూళగిరిలోనే ఉన్నాడు, సూళగిరి కొండ ఎక్కింది లేదు. కాబట్టి ఆక్షేపణ నిలవదు.

తాత్పర్యం

ఆయన గడియారం చూశాడు, ఆమె నగరం చూసింది. ఇద్దరూ కలిసి చూసినది బిల్లు.

ఫలశ్రుతి

ఇది చదివి ప్రాగుకు బయలుదేరే దంపతులకు మనవి. గడియారం బొమ్మలు ఉదయం 9 నుంచి రాత్రి 11 దాకా గంటగంటకూ కదులుతాయి, పది నిమిషాలు ముందే చేరండి. అక్కడి చెలామణి కొరునా, యూరోలు అన్నిచోట్లా తీసుకోరు. హవాయి చెప్పులు ఇంట్లోనే వదలండి. పంచాంగం కూడా.