ఆఖరి మాట

2023 నవంబర్ 6, సోమవారం. ఎన్నికల వేడి మీదున్న రోజులు. ముఖ్యమంత్రి కేసీఆర్‌కు ఆ రోజు పాలమూరు దిక్కున నాలుగు సభలు: దేవరకద్ర, గద్వాల, మక్తల్, నారాయణపేట. ఎర్రవల్లి ఫామ్‌హౌస్ నుంచి హెలికాప్టర్ దేవరకద్రకు లేచింది. లేచిన కాసేపటికే ఏదో సాంకేతిక లోపం పైలట్ కనిపెట్టాడు. అవతల మైదానంలో జనం, వెనక సీట్లో ముఖ్యమంత్రి. పైలట్ తటపటాయించలేదు. వెనక్కి తిప్పి, లేచినచోటే క్షేమంగా దింపాడు. తర్వాత ఇంకో హెలికాప్టర్ ఏర్పాటు చేశారు.

మర్నాడు పొద్దున దేవరకొండ దిక్కు ఒక ఊళ్లో, బస్టాండు పక్క హోటల్లో, ఈ ముచ్చటే నడుస్తున్నది. హోటల్ అంటే రేకుల కింద రెండు బల్లలు, ఒక స్టవ్వు. పేపరు ఎప్పుడూ ఒకటే వస్తుంది. అది ముందు పదెకరాల పత్తి ఉన్న ఆసామి చేతిలో పడుతుంది, ఆయన చదివినంతే మిగతావాళ్లకు వార్త.

"చూసిన్రా, పైలటంటే గట్లుండాలె," అన్నాడు ఆసామి, పేపరు మీద వేలితో కొట్టి. "సీఎం అయితేంది, పీఎం అయితేంది? మిషిని కాడ మిషిని నడిపెటోనిదే ఆఖరి మాట. సభకు ఆలస్యమైతదని చూసిండా? చూడలే. పానం ముందు సభ లెక్కనా!"

"మరే," అన్నాడు చాయ్ పోసేవాడు.

ఆసామికి ఊపొచ్చింది. 2009 సెప్టెంబర్ 2కు వెళ్లాడు. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డితో బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలిన రోజు. గేర్‌బాక్సులో ఆయిల్ ప్రెజర్ తగ్గినట్టు సూచన వస్తే, ఏం చెయ్యాలో పుస్తకంలో వెతుక్కుంటూ పైలట్లు అటే ధ్యాస పెట్టారని, బయటేమో మబ్బులు కమ్ముకున్నాయని విచారణ కమిటీ చెప్పింది. ఐదుగురూ పోయారు. ఆసామికి ఇదంతా నోటికి వచ్చు. "ఆయిల్ తగ్గిందంటే ఇగ ఆగుడే. ఆకాశంల రోడ్డు పక్కకు ఆపెటందుకు జాగ లేదు గదా! అందుకే ఎగురకముందే చూసుకోవాలె, అనుమానమొస్తే ఎనుకకు మళ్లాలె. నిన్నటాయన మళ్లిండు. మొగోడు!"

నిజమే, విమానయాన నిబంధనలు చెప్పేదీ అదే. ఎగరాలా, దిగాలా అన్నదాంట్లో ఆఖరి నిర్ణయం బండి నడిపే పైలట్‌దే. ఆ సంగతి హోటల్లో ఎవరికీ తెలియకపోయినా ఆసామి తన తెలివితోనే అక్కడిదాకా వచ్చాడు, మెచ్చుకోవాలి.

ఇంతలో బయట ఆటో ఆగింది. ఆయన చేనుకు పత్తి ఏరబోయే ఆడవాళ్లు. ముగ్గురు కూర్చునే బండిలో వెనక పన్నెండు మంది, సద్దిగిన్నెలు, పత్తి సంచులు. ముందర డ్రైవరుకు చెరో పక్క ఒకరు. ఒక ముసలవ్వ, ఎండ పడకుండా చున్నీ కప్పుకున్న పిల్ల ఇంకొకతి.

డ్రైవరు దిగి వచ్చి, గడప అవతలే నిలబడ్డాడు. "పటేలా, బ్రేకు పడ్తలేదు. రెండు మూడు పంపులు కొడ్తెగానీ నిలవడ్తలేదు. ఎనుక చక్రం కాడ ఆయిల్ కారుతున్నది. వాషర్ పోయినట్టున్నది. దేవరకొండ పోయి ఏయించుకొస్త. గంటల వస్త."

"గంటనా!" ఆసామి పేపరు మడిచాడు. "రాత్రి ఏం జేసినవ్‌రా? మబ్బు పట్టింది, వానొస్తే పత్తి నల్లగైతది. తెలుసా?"

"రాత్రి మంచిగనే ఉండె పటేలా. పొద్దున తండా కాడ తెలిసింది."

వెనక నుంచి ఒకామె తల బయటపెట్టింది. "కిలో లెక్కన ఏరెటోళ్లం మేము. గంట పోతే మా కూలి ఎవరిస్తరు? మెల్లగ పోనీయ్ తమ్మీ." మిగతావాళ్లు ఏమీ అనలేదు. వాళ్లలో ఇద్దరు ముగ్గురికి పీఏ పల్లి మండలంలో చుట్టాలున్నారు. 2018 ఏప్రిల్ 6న వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు ఏఎమ్మార్పీ కాలువలో పడి పడమటి తండా ఆడవాళ్లు తొమ్మిది మంది పోయినప్పుడు ఏడ్వబోయినవాళ్లే. అయినా కిలో లెక్క కిలో లెక్కే.

"పటేలా, కాలువ కట్ట దిగుడున్నది," అన్నాడు డ్రైవరు, మెల్లగా. "ఆడ బ్రేకు పడకపోతే..."

"గేరుల పెట్టి దింపు. నిన్నగాక మొన్న నేర్చినవా బండి?"

హోటల్లో కూర్చున్న కుర్రాడొకడు ఊరుకోలేకపోయాడు. "అదేంది పటేలా, ఇప్పుడే గదా అంటివి, నడిపెటోనిదే ఆఖరి మాటని."

ఆసామి వాడి వైపు జాలిగా చూశాడు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

"ఓరి పిచ్చోడా! ఆ బండిల సీఎం ఉన్నడు. ఈ బండిల ఎవలున్నరు?"

డ్రైవరు చెవి వెనక గోక్కున్నాడు. "అందరు మనోళ్లే పటేలా. మీ చిన్న బిడ్డ గూడ ఉన్నది. కాలేజీ బస్సు పోయిందట, కాలువ అవతల స్టేజీ కాడ దింపుమంటే ఎక్కించుకున్న."

చున్నీ పిల్ల తొంగి చూసింది. "నేనే నాయినా."

చాయ్ గ్లాసు బల్ల మీదే ఒలికింది. ఆసామి చెప్పులు కూడా తొడుక్కోకుండా ఆటో దగ్గరికి ఉరికాడు.

"బుద్ధున్నదారా నీకు! బ్రేకుల్లేని బండిల పిల్లను ఎక్కించుకుంటవా? ముందుగాల చెప్పొద్దా? దిగు బిడ్డా, దిగు, జల్ది. నేను మోటర్ సైకిల్ మీద దింపుత."

పిల్ల దిగింది. పుస్తకాల సంచీ తనే అందుకుని, బిడ్డను రోడ్డు పక్క నీడలో నిలబెట్టి, ఆసామి డ్రైవరు వైపు తిరిగాడు.

"ముందు సీటు ఖాళీ అయ్యింది గదా, ఎనుకకెల్లి ఒకామెను ముందల కూసోబెట్టి, ఇగ పోనీయ్. పొద్దెక్కుతున్నది."