ముందు బూస్టు, బ్రేకులు తర్వాత

పాత మిత్సుబిషి లాన్సర్ ఒకటి ఏ షెడ్డులోనో దుమ్ముకొట్టుకుని కనబడితే చాలు, మన కుర్రాళ్లలో కొందరికి దాని కడుపులో 4జీ63 టర్బో ఇంజను పెట్టాలనిపిస్తుంది. అనిపించడంలో తప్పేమీ లేదు. 1998 నుంచి మనకమ్మిన తొలి పెట్రోలు లాన్సర్‌లో ఉన్నది తొంభై గుర్రాలు దాటని 1.5 లీటర్ల ఇంజను. అదే లాన్సర్ పేరుతో జపాన్‌లో పుట్టిన ఎవల్యూషన్‌లో ఉన్నది రెండు లీటర్ల టర్బో. 1996 నుంచి 1999 దాకా వరసగా నాలుగేళ్లు టామీ మాకినెన్ ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయ్యింది ఆ ఇంజనుతోనే. ఇంటిపేరు ఒకటే అయినప్పుడు ఇంజను మాత్రం వేరెందుకు?

చిక్కల్లా ఏమిటంటే, మిత్సుబిషి వాళ్లు ఆ ఇంజనును ఒంటరిగా పంపలేదు. శక్తిని నాలుగు చక్రాలకూ పంచే ఏర్పాటు చేశారు. ముందు బంపరు నిండా ఇంటర్‌కూలర్ పెట్టారు. ఎవో 5 నుంచి బ్రెంబో బ్రేకులిచ్చారు. కొన్ని మోడళ్లలో ఆ ఇంటర్‌కూలర్ మీద నీళ్లు చల్లే గొట్టం కూడా అమర్చారు, అదీ మంచు పడే దేశంలో. మనవాడు సగానికి కోసి అమ్మే పాత కారు, అంటే హాఫ్ కట్‌లోంచి ఇంజనూ టర్బో ఊడబెరికి తెచ్చుకుంటాడు. మిగతాదంతా ‘తర్వాత’ ఖాతాలో రాస్తాడు. ఆ శక్తంతా వెనక డ్రమ్ము బ్రేకులున్న కారులో, ముందు రెండు చక్రాల మీద పడుతుంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడడమంటే ఇదే.

ఈ ‘తర్వాత’ అనేది ఇంజను మార్చే మన స్వాప్ శాస్త్రానికి మూలసూత్రం. క్లచ్చి తర్వాత. రేడియేటర్ తర్వాత. ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు తర్వాత. గాలీ పెట్రోలూ ఏ పాళ్లలో మండుతున్నాయో చూపించే వైడ్‌బ్యాండ్ మీటరు మరీ తర్వాత. మరి ముందేమిటి? బ్లో ఆఫ్ వాల్వ్! యాక్సిలరేటర్ వదలగానే ‘ఛుస్స్’మనాలి, పక్క కారువాడు తల తిప్పాలి. ఎవో ఇంజను లోపలికొచ్చే గాలిని మీటరుతో కొలిచి, దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది. అందుకే కంపెనీ యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలే గాలిని మళ్లీ టర్బో ముందుకే మళ్లించింది. మనవాడు లెక్కకెక్కిన గాలిని బయటికి వదిలేస్తాడు. లేని గాలికి ఇంజను పెట్రోలు పోసి ఓ క్షణం దగ్గుతుంది. ఆ దగ్గు కూడా పవరేనని ఫ్రెండ్స్‌కు చెప్పుకుంటాడు.

ఎంచుకునే పద్ధతి చూస్తే దానికీ ఓ తర్కముంది. వినబడేది మొదట, కనబడేది రెండోది, ఇంజను ప్రాణం కాపాడేది ఆఖరున. ఆయిల్ కూలర్‌ను ఎవరూ ఫోటో తీయరు. కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ ఎలాంటి శబ్దమూ చేయదు. టర్బో నుంచి పొగను బయటికి పంపే డౌన్‌పైప్ అయితే కాలనీ మొత్తానికి తెలుస్తుంది.

ఇక అంకె సంగతి. ‘ఎంత చేస్తోంది బ్రో?’ అనే ప్రశ్నకు జవాబుగా మూడంకెల సంఖ్య ఉండి తీరాలి. జపాన్ కంపెనీలు 1989 నుంచి 2004 దాకా తమలో తాము ఒప్పందం చేసుకుని, ఏ కారుకూ 280 గుర్రాలకు మించి ప్రకటించలేదు. ఉన్నది దాచి తక్కువ చెప్పిన జాతి అది. ఆ ఇంజనే సముద్రం దాటి మన షెడ్డుకు రాగానే నాలుగొందలు చేస్తుంది. శక్తి కొలిచే డైనో మీద కొలిచారా అంటే, ‘ట్యూనర్ అన్న చెప్పాడు’. స్టేజ్ టూ అట. ఏ ఇంజనీరింగ్ పుస్తకంలోనూ లేని కొలమానం అది, ఏ గ్యారేజీ స్టేజీ దానిదే.

ఈ నాలుగొందలకు వేసవిలో ఏమవుతుందో చూద్దాం. టర్బో గాలిని నొక్కితే గాలి వేడెక్కుతుంది. నలభై రెండు డిగ్రీల మే మధ్యాహ్నం, ఒక బార్ బూస్టుతో, ఓ మోస్తరుగా పనిచేసే కంప్రెసర్‌లోంచి ఆ గాలి సుమారు 140 డిగ్రీల వేడితో బయటికొస్తుంది. దాన్ని చల్లార్చాల్సింది ఇంటర్‌కూలర్, ఇంటర్‌కూలర్‌ను చల్లార్చాల్సింది ఎదురుగాలి. హైదరాబాద్‌లో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఎదురుగాలి ఎక్కడిది? ముందున్న సిటీ బస్సు పొగే గతి. వేడి గాలికి మామూలు పెట్రోలు తోడైతే, నిప్పురవ్వ రాజేసిన మంట తనదాకా వచ్చేవరకు ఆగకుండా మిగిలిన మిశ్రమం తనంతట తనే పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. లోపల చిన్న సుత్తి దెబ్బల్లా వినబడాలి, కానీ డౌన్‌పైప్ మోతలో వినబడదు. పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగాక, నీలం పొగలో మాత్రం స్పష్టంగా కనబడుతుంది. ‘ఈ20లో ఇథనాల్ ఉందిగా, ఆక్టేన్ ఎక్కువేగా’ అని వాదించేవాళ్లూ ఉన్నారు. నిజమే. కానీ అదే గాలికి ఆ పెట్రోలు ఇంకాస్త ఎక్కువ పోయాలి. పోయాల్సిన ఇంజెక్టర్లు, చెప్పాగా, తర్వాత ఖాతాలో ఉన్నాయి.

ఈ జబ్బు మన ఒక్కరిదే అనుకుని సిగ్గుపడనక్కర్లేదు. 1973లో బీఎండబ్ల్యూ వాళ్లు 2002 టర్బో కారు ముందు స్పాయిలర్ మీద ‘టర్బో’ అని తిరగేసి రాశారు, ముందు వెళ్లేవాడు అద్దంలో సూటిగా చదువుకుని పక్కకు తప్పుకోవాలని. స్టిక్కర్ శాస్త్రానికి అదే ఆది. అంతకుముందు, 1962లో, అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ వచ్చింది. మామూలు జనానికి అమ్మిన తొలి టర్బో కార్లలో అదొకటి. కంప్రెషన్ 10.25 పెట్టారు (ఎవో 9లో అది 8.8). నాకింగ్ రాకుండా నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిమ్మే ఏర్పాటు చేసి, దానికి ‘టర్బో రాకెట్ ఫ్లూయిడ్’ అని ఘనంగా పేరు పెట్టారు. కొన్నవాళ్లు ఆ ద్రవం నింపడం మర్చిపోయారు. చివరికి కంపెనీయే చాలా కార్లకు టర్బో ఊడదీసి మామూలు కార్బురేటర్ బిగించి పంపింది. కాస్త ద్రవం పోయడాన్నే ‘తర్వాత’కు వదిలేసిన ఆ పెద్దలు మనవాడికి వరసకు తాతలవుతారు.

పెద్ద టర్బో కథ ఇంకోటి. చిన్న టర్బో రెండు వేల ఆర్‌పీఎమ్ దగ్గరే నిద్ర లేస్తుంది, ఊళ్లో తిరిగే కారుకు అంతకన్నా సుఖం లేదు. కానీ చిన్నదని చెప్పుకోవడం నామోషీ. అందుకని నాలుగున్నర వేలు దాటాక గానీ కన్ను తెరవని టర్బో బిగిస్తాడు. ఆ కారు కూకట్‌పల్లి నుంచి పంజాగుట్ట దాకా ఒక్కసారీ మేలుకోదు. స్పీడ్ బ్రేకర్లు దాటుతూ, ఆటో వెనక సెకండ్ గేరులో, నాలుగొందల గుర్రాలూ గురక పెడతాయి. ఆ అంకె నిద్ర లేవాలంటే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలి. అక్కడి గరిష్ఠ వేగం 120, పాత 1.5 లీటర్ల ఇంజను కూడా ముక్కుతూ మూలుగుతూ ఆ వేగం అందుకునేది. వంద నుంచి నూటనలభైకి పోతే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. డ్రమ్ముకు ఆ లెక్క ఎవరైనా చెప్పారా?

చట్టం సంగతి మనవాడి దగ్గర ఎత్తకూడదు, మూడ్ పాడవుతుంది. ఆర్సీలోని వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట తేల్చి చెప్పింది. 182ఏ ప్రకారం ఒక్కో మార్పుకు అయిదు వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మన లాన్సర్‌కు మార్పులు లెక్కపెట్టుకుంటూ పోతే పెనాల్టీ టర్బో ధరను దాటేస్తుంది. బీమా వాళ్లు బానెట్ తెరిచి చూస్తే ఇక మాట్లాడేదేమీ ఉండదు.

ఇంత చెప్పినా, ఇంధనం ఏది, తిరిగే రోడ్డేది అని ముందు తేల్చుకుని, కూలింగూ బ్రేకులూ క్లచ్చూ బాగు చేయించి, ఆ మూడూ ఎంత తట్టుకోగలవో అంతే బూస్టు పెట్టుకునే మనిషి ఎక్కడో ఉండే ఉంటాడు. అతని కారుకు మోత లేదు గనక మనకు తెలియదు. మనకు తెలిసేది ఇలాంటి ప్రకటనలే: ‘లాన్సర్, 4జీ63 టర్బో స్వాప్, నాలుగొందల ప్లస్. అన్ని మాడ్స్ చేయించాం. చిన్న పని ఉంది, తోసుకుని తీసుకెళ్లాలి. ధర ఫిక్స్. టైమ్‌పాస్ చేసేవాళ్లు ఫోన్ చేయొద్దు. బ్లో ఆఫ్ వాల్వ్ మాత్రం ఇవ్వం, అది తర్వాతి ప్రాజెక్టుకు కావాలి.’