పాత ఎలక్ట్రీషియన్

రాజమండ్రిలో మా ఇంటికొచ్చిన ఎలక్ట్రీషియన్ స్విచ్ బోర్డు విప్పి, టార్చి వేసి లోపలికి చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాలా మెల్లగా అడిగాడు.

"ఆయ్, ఈ పని ఎవరు చేసేరండి?"

"పాత ఎలక్ట్రీషియన్" అన్నాను. తడుముకోలేదు. రెండు రోజుల ముందే అద్దం ముందు సాధన చేసి పెట్టుకున్నాను.

ముప్ఫై రెండేళ్ళు బ్యాంకులో డెబిట్టూ క్రెడిట్టూ కలిపినవాణ్ణి, రెండు వైర్లు కలపలేనా అన్నది నా ధీమా. రిటైరైన వారానికే ఒక టెస్టరు, ఒక కటింగ్ ప్లయరు, ఒక టేపు చుట్ట కొన్నాను. చొక్కా జేబులో పెన్ను పక్కన టెస్టరు పెట్టుకుని వీధిలోకి వెళ్తే, మేనేజరుగా ఉన్న రోజుల్లో కూడా దొరకని హోదా దొరికినట్టుండేది. చట్టం కూడా నా వైపే ఉంది. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 45వ రూలు, వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరే చెయ్యాలంటూనే, బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు మాత్రం ఇంటివాడు మార్చుకోవచ్చని మినహాయింపు ఇచ్చింది. 2010లో కొత్త నియమాలొచ్చినా ఆ దయ పోలేదు. స్విచ్చులు మార్చుకోమన్నారు కదా అని నేను వాటి స్వభావాన్నే మార్చేశాను.

మొదటి ప్రయోగం మెట్ల లైటు. కింద వేసి పైకెళ్ళి ఆర్పాలి, పైన వేసి కిందికొచ్చి ఆర్పాలి. దానికి టూవే స్విచ్చులని వేరే ఉంటాయి. ఒక్కోదానికి మూడేసి టెర్మినళ్ళు, రెండు స్విచ్చుల మధ్యా రెండు వైర్లు. ఒక్క లైటుకి ఇంత ఆర్భాటమెందుకని, మామూలు స్విచ్చులే రెండు తెచ్చి ఒకే వైరు మీద ఒకదాని తర్వాత ఒకటి బిగించాను. రెండూ వేస్తే లైటు భేషుగ్గా వెలిగింది. పూతరేకులు తెప్పించాను.

ఆ రాత్రి మా ఆవిడ పైన స్విచ్చు ఆపి పడుకుంది. ఇంక కింద నేనెంత నొక్కినా వెలుగు లేదు. జాయింట్ అకౌంటుకి ఇద్దరి సంతకాలూ కావాలన్నట్టు, రెండు స్విచ్చులూ ఒప్పుకుంటేనే గానీ దీపం వెలగదని అప్పుడు అర్థమైంది. అప్పణ్ణుంచి నాలుగు నెలలు రోజూ పొద్దుగూకే వేళ మా ఇంట్లో ఒకటే కేకలు.

"పైన వేశావా?"

"వేశాను, మీరు వేశారా?"

"నేను వేసే ఉంది, నువ్వు ఆపావేమో చూడు!"

పక్కింటివాళ్ళు అదేదో దీపారాధన వ్రతమనుకున్నారు. ఉద్యాపన ఎప్పుడని కూడా అడిగారు.

పైగా ఆ లైటు ఆపినా పూర్తిగా ఆరేది కాదు. అర్ధరాత్రి మిణుగురులా మినుక్కుమంటూ ఉండేది. "ఎల్‌ఈడీ కదా, చల్లారడానికి టైము పడుతుంది" అని మా ఆవిడకి చెప్పాను. ఎలక్ట్రీషియన్ మాత్రం వేరేగా చెప్పాడు.

"స్విచ్చులు న్యూట్రల్లో పెట్టేడండి ఆ మనిషి. ఆపినా బల్బు దగ్గర ఫేజు అలాగే కూచునుంటాదండి. వాడే గనక బల్బు మార్చుంటే ఈపాటికి ఒక దెబ్బ తగిలుండాలే."

తగిలింది. సంక్రాంతి ముందు. స్టూలు మీద నుంచి పడి, కాలు జారిందని చెప్పుకున్నాను. దొంగకి తేలు కుట్టినట్టు అంటారే, ఆ సామెత పుట్టినప్పుడు కరెంటు లేదు గానీ భావం అదే.

తర్వాత గీజరు దగ్గరికెళ్ళాడు. అది 2000 వాట్లది. 230 వోల్టుల మీద లెక్కేస్తే 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాని లావుపాటి ప్లగ్గు బాత్రూం లైటు బోర్డులో పట్టకపోతే, నేను దాన్ని కోసేసి 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు తగిలించాను. సాకెట్టు అప్పడంలా మాడి గోడకి అతుక్కుపోయింది. లోపల నేను మెలిపెట్టిన జాయింటు లూజుగా ఉంది, టేపు అయిపోయిన చోట దెబ్బలకి వేసే ప్లాస్టరు చుట్టి ఉంది. ఎలక్ట్రీషియన్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతుర్లో తిప్పి చూశాడు.

"పాపం, వైరుకి దెబ్బ తగిలిందనుకున్నాడేమోనండి" అన్నాడు.

నవ్వలేదు. అసలు అతను గట్టిగా మాట్లాడింది ఒక్కచోటే. పచ్చ వైరులో ఫేజు కనబడ్డప్పుడు. పచ్చ అంటే పద అనే కదా, కరెంటు పోవలసింది అందులోంచే అని నా తర్కం. మాకు పచ్చ వైరంటే ఎర్తండి, అన్నాడు. చీకట్లో, వానలో, స్తంభం మీదో అటక మీదో రంగు చూసి నమ్మి చెయ్యి పెడతామండి, రంగు అబద్ధం చెబితే మా ఇంట్లోవాళ్ళకి ఎవరు సమాధానం చెప్తారండి, అన్నాడు. మెయిను ఆపి, ఆగిందో లేదో టెస్టరుతో చూసి, ఆ టెస్టరు పనిచేస్తోందో లేదో ఇంకోచోట చూసి వచ్చి, మళ్ళీ చూసి, అప్పుడు ముట్టుకున్నాడు. నేను గోడకున్న క్యాలెండరులో తిథి చూస్తూ నిలబడ్డాను.

ఫ్యూజు సంగతి చివర్లో తేలింది. మాది పాత ఇల్లు, పింగాణీ ఫ్యూజులు. మాటిమాటికీ కాలిపోతున్నాయని అందులో దిట్టమైన రాగి తీగ వేశాను. అప్పణ్ణుంచి ఒక్కసారి కూడా పోలేదు. నా పనితనమంతటిలో నేను గర్వపడింది దానికే.

"కాలిపోడమే దాని ఉద్యోగమండి" అన్నాడు. "అది చెయ్యకపోతే ఆ ఉద్యోగం ఇల్లు చేస్తాదండి."

రెండు రోజులు పట్టింది అంతా సరిచెయ్యడానికి. ఫ్యూజుల స్థానంలో ఎంసీబీలు వచ్చాయి. గీజరుకి విడిగా లైను లాగాడు. ఆర్‌సీసీబీ అని ఇంకొకటి పెట్టాడు. ఇంట్లోకి వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిచూసుకుంటుందిట, 30 మిల్లీఆంపియర్ల తేడా వచ్చిందా, ఠక్కున పడిపోతుందిట. బజారు నుంచి రాగానే చిల్లర లెక్క అడిగే మనిషి ఇంట్లో ఒకరుండగా రెండోది ఎందుకని అడుగుదామనుకుని, మా ఆవిడ అక్కడే ఉండడంతో ఊరుకున్నాను.

డబ్బులు తీసుకుంటూ అతనే కదిపాడు.

"ఆ పాత ఎలక్ట్రీషియన్ని ఇరవయ్యేళ్ళుగా వెతుకుతున్నానండి. ఏ ఇంటికెళ్ళినా వాడే చేసేడంటారు. ధవళేశ్వరంలో వాడే, కొవ్వూరులో వాడే. టేపు చుట్టే తీరు మాత్రం ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటాదండి. మనిషి మాత్రం దొరకడు."

నేను క్యాలెండరు వైపు తిరిగాను. ఏకాదశి.

"దొరికినా దొరక్కపోయినా, అమ్మగారూ, వాణ్ణి మళ్ళీ ఈ గుమ్మం తొక్కనివ్వకండి" అన్నాడు సంచి భుజానికి తగిలించుకుంటూ.

మా ఆవిడ మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది.

"తొక్కనివ్వకపోతే రాత్రి భోజనం ఎక్కడ చేస్తారయ్యా ఆయన?"